కొండచిలువ పెట్టిన ఆరు గుడ్లు

ఓడ మీదున్న శ్రీవారికి, మీ ఇల్లాలు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేనూ అత్తయ్యా క్షేమం. మీ పాములు మా ఇద్దరికన్నా క్షేమం. మీ నడుం నొప్పి తగ్గిందా, ఓడ వంటగదిలో ఇంకా నిలబడే పని చేయిస్తున్నారా, రాయండి.

మీ ఉత్తరం సోమవారం అందింది. రెండు పేజీల్లో పేజీన్నర పాముల గురించే. మిగిలిన అరపేజీ నేనూ అత్తయ్యా పంచుకున్నాం. సరే, అడిగినవన్నీ చెబుతాను.

పిల్లలు ఐదే. ఆరో గుడ్డు కుళ్లిపోయింది. మొదటి కుబుసం పన్నెండో రోజున విడిచాయి. ఆ కుబుసాలు తడిసిన ఉల్లిపొరల్లా డబ్బాల అడుగున అతుక్కుపోతే గోటితో గీకి తీశాను. ఆ పూట ఆ చేత్తో తినబుద్ధి కాక చెంచాతో తిన్నాను. తిండి బాగానే తింటున్నాయి. గడ్డకట్టిన ఎలుకపిల్లల్ని వేడినీళ్లలో వేస్తే మెత్తబడి ఒక వాసన లేస్తుంది. దాని సంగతి మీరు అడగలేదు గానీ రాస్తున్నాను. తడిసిన కుక్కా, పాత నెత్తురూ కలిసినట్టుంటుంది. వాటి సంచి ఫ్రిజ్‌లో పైన ఐసు అరలో, పాలగిన్నె దాని కింది అరలో. అత్తయ్య కాఫీ మానేసి రెండు నెలలైంది.

"పాముకు పాలు పోసి పెంచడం అని సామెత విన్నాను గానీ, పాల పైన ఎలుకల్ని పెట్టి పెంచడం మీ ఇంట్లోనే చూశానే" అంటారు. మీ ఇల్లట, ఆవిడది కాదట.

మీరు వెళ్లేముందు చెప్పారు, బాల్ పైథాన్ అనే ఈ రకం కొండచిలువ మెత్తనిది, భయమేస్తే బంతిలా చుట్టుకుంటుంది, ఎవరినీ ఏమీ చేయదు అని. నిజమే. భయం దానికే. నాకున్నది అసహ్యం. భయమైతే అలవాటు పడితే పోతుంది. ఇది పోదు.

జంటను కలిపి మీరు ఓడెక్కారు. గుడ్లు పెట్టేలోగా వచ్చేస్తానన్నారు. మీరు రాలేదు, గుడ్లు వచ్చాయి. ఆ పొద్దున బడి యూనిఫాంలకు కాజాలు కుడుతూ తల తిప్పి చూస్తే, ఆడది ఆరింటినీ చుట్టుకుని పడుకుని ఉంది. మీరు గోడకంటించిన కాగితంలో రాసినట్టే చేశాను. తల మీద గుడ్డ కప్పి చుట్లు విప్పాను. ఒక చుట్టు విప్పితే ఇంకొకటి బిగిసేది. గుడ్లు తోలు సంచుల్లా, జిగురుగా, వెచ్చగా ఉన్నాయి. ఏ వైపు పైనుందో పెన్సిలుతో గుర్తుపెట్టి వేడిపెట్టెలో సర్దాను. గుడ్ల వాసన పోతేగానీ తల్లి తిండి ముట్టదని రాశారు కదా, బకెట్లో సబ్బునీళ్లు పోసి దాన్ని కడిగాను. అయినా వారాల తరబడి అది నీళ్లగిన్నెను చుట్టుకునే పడుకుంది.

"చూడవే, గిన్నెను పొదుగుతోంది పిచ్చిమొహం" అన్నారు అత్తయ్య.

ఇక మీకు రాయని సంగతి. కిందటి ఉత్తరంలో ఒక పిల్లకు పుట్టుకతోనే వెన్ను వంకర అని రాశాను. పశువుల డాక్టరు అలా చెప్పాడనీ రాశాను. డాక్టరు అలా చెప్పలేదు.

"మధ్యలో పెట్టె చల్లబడిందా అమ్మా?" అని అడిగాడు.

"లేదండీ."

"వేడిలో తేడా వస్తే ఒక్కోసారి ఇలా అవుతుంది."

"మా వీధిలో కరెంటు పోదండీ" అన్నాను. కరెంటు పోలేదు. అంతవరకు నిజమే.

గుడ్లు వేడిపెట్టెలో సర్దిన ఇరవై ఐదో రోజు మూత తీస్తే చివరి గుడ్డు పచ్చగా బూజు పట్టి, లోపలికి నొక్కుకుపోయి, కారుతోంది. ఆ వాసన నోట్లోకి వచ్చినట్టయింది. బయటికి వెళ్లేలోగానే కక్కుకున్నాను. కుట్టడానికి తెచ్చిన తెల్లబట్టల మీద పడింది. వాటిని ఉతుకుతుంటే ఏడుపొచ్చింది. లేచి వెళ్లి పెట్టె ప్లగ్గు లాగేశాను. పోతే పోనీ అనుకున్నాను. పగలంతా మిషన్ తొక్కాను, హాయిగా ఉండింది. సాయంత్రం గదిలోకి వెళితే పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతోంది.

"ప్లగ్గు ఊడిపోయినట్టుంది, పెట్టాను. చూసుకోవాలి కదే" అన్నారు అత్తయ్య.

నేను "అలాగే అత్తయ్యా" అన్నాను. మళ్లీ పెట్టింది నేను కాదండీ. నేనైతే పెట్టేదాన్ని కాదు. అదే మీకు చెప్పాలని.

ఆ పిల్ల వెన్ను మెడకు రెండు వేళ్ల కింద, కుట్టులో దారం లాగితే బట్ట ముడుచుకున్నట్టు ఉంటుంది. మింగిన ఎలుక అక్కడికి వచ్చి ఆగుతుంది. అది కిందికి జారేదాకా నేను మిషన్ తొక్కలేను. పాములంటే వచ్చే వెగటు కడుక్కుంటే కొంత పోతుంది. ఇది సబ్బుకు పోయేది కాదు.

నిన్న అత్తయ్యకు చెప్పేశాను. ఆవిడ చిక్కుళ్లు తుంచుతూ తలెత్తలేదు.

"తెలుసు. ఊడిన ప్లగ్గు కింద వేలాడుతుంది. దీని తీగ చక్కగా చుట్టచుట్టి బల్ల మీద పెట్టి ఉంది. దారం కూడా అంత పద్ధతిగా చుట్టేది ఈ ఇంట్లో నువ్వే."

"మరి అడగలేదేం?"

"అడగడానికి నాకు మొహమేదీ? పొద్దున్నే చూశాను. చూసి నేనూ ఊరుకున్నాను. పీడా పోతుందనుకున్నాను. మధ్యాహ్నం దాటాక ఆ తల్లి ఇంకా గిన్నె చుట్టూ తిరుగుతుంటే చూడలేక పెట్టాను. ఆ తప్పులో సగం నాదే."

ఇద్దరం చిక్కుళ్లు తుంచడం పూర్తి చేశాం.

ఈ పొద్దున మగపామును డాక్టరుకు ఇచ్చేశాను. అడిగితే మీరు వద్దంటారని అడగలేదు. కోపమొస్తే వచ్చి ఎదురుగా తిట్టండి, పడతాను. తల్లినీ ఐదు పిల్లల్నీ మీరు వచ్చేదాకా చూసుకుంటాను. ముక్కు మూసుకునే చూసుకుంటాను. నా చేతుల మీద మాత్రం ఈ ఇంట్లో ఇంకో గుడ్డు పిల్ల కాదు.

ఇట్లు,
చేతులు కడుక్కుని ఈ ఉత్తరం మడిచిన
మీ ఇల్లాలు