లింగన్న ఫోన్ రిపేరు

లింగన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దున మన కాలనీ వాట్సాప్ గ్రూపును అందరు రాసుకునేటట్టు మళ్ల తెరిచిన.

రిటైరైనంక నీకు ఆ గ్రూపే డ్యూటీ. నల్లా నీళ్లు లేటైనా, కుక్కలు మొరిగినా నీ మాట పడాలె. ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల మందు పేల్చినోనివాయె. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగ్ అయితే చాలు, చప్పుడును బట్టి రాసేటోనివి. "ఇయ్యాల మందు ఎక్కువ పెట్టిన్రు. మా రోజులల్ల గిట్ల చేస్తే ఊకుందురా" అని. రోజు గదే సదివి నాకు యాష్టకొచ్చింది. అడ్మిన్‌ను గదా, నేను తప్ప ఎవ్వరు రాయకుంట బంద్ పెట్టిన.

మర్నాడే ఫోన్ పట్టుకొని మా ఇంటికొచ్చినవ్. "తమ్మీ, నా మెసేజ్ పోతలేదు, జర చూడు" అన్నవ్. నీ మొఖం చూసి నిజం చెప్పబుద్ధి కాలే. ఫోన్ ఖరాబైందేమో అని చెప్పిన. ఎండల చౌరస్తా దాక నడిచి పోయినవ్. రిపేరాయన మంచిగనే ఉందన్నా ఇనకుంట, నా మాటే నమ్మి, ఫోన్ ఆడనే ఇడిచిపెట్టి వచ్చినవ్. అది తిరిగి తెచ్చుకోకముందే పోయినవ్.

ఇయ్యాల రెండింటికి కిటికీలు అదిరినయ్. గ్రూపు తెరిచే ఉంది, ఒక్కలు గూడ రాయలే. మందు ఎక్కువైందో తక్కువైందో నాకు సమజ్ కాలే.

నీ ఫోన్ మంచిగనే ఉండె, అన్నా.