ఖాళీ కాని చోటు

బావా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. మన కన్వేయర్ రూములో కంప్యూటర్ మాటిమాటికి ఎందుకు ఆగి కూలిపోయేదో దొరికింది. ఈ సంగతి నీకు కాక ఎవరికి చెప్పాలె?

మన ఇనుప గనిలో ఏది చెడినా ఎర్రదుమ్ము మీదికి నెట్టేస్తం కదా. నువ్వు డబ్బా విప్పి, పెయింట్ బ్రష్షుతో తుడిచి, "ఇగ నడుస్తది" అనేటోడివి. సాయంత్రానికి మళ్ల కూలేది, బెల్టు ఆగేది. సరిగ్గ తుడవలేదని పెద్దసారు నిన్నే తిట్టేటోడు.

తప్పు నీది కాదు బావా, దుమ్ముదీ కాదు. మిషన్ ఆన్ చేయంగనే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం కెర్నెల్‌ను, అంటే కంప్యూటర్‌ను నడిపే అసలు ప్రోగ్రాంను లేపి, మెమరీలో ఏ చోటు ఖాళీగ ఉన్నదో చెప్తది. మన బూట్‌లోడర్ స్క్రీన్‌కు ఇచ్చేసిన చోటును గూడ ఖాళీ అని చెప్పేది. కెర్నెల్ పాపం నమ్మి, తన పని అక్కడ పెట్టుకునేది. స్క్రీన్ దాని మీదనే రాసేది. ఇంకేముంది, కూలేది. ఆ చోటు ముట్టొద్దని కెర్నెల్‌కు రాసిపెట్టిన. అప్పటినుంచి కూలలేదు.

పొద్దున దంతెవాడ నుంచి కొత్తాయన డ్యూటీకి వచ్చిండు. నీ కుర్చీ పట్టుకొని, "ఖాలీ హై క్యా, భయ్యా?" అని అడిగిండు.

"ఖాళీయే, కూర్చో" అన్నా.

అన్నంక తెలిసింది, నేను గూడ తప్పే చెప్పిన్నని.