నడుము దాకా

అక్రా,
ఆగస్టు 14.

పూజ్యులు అగ్బెకో మావయ్యకి,

మేనకోడలు యెసుటర్ దండాలు. మీరు, అత్తయ్య, పిల్లలు, మేకలు, ఉల్లి మళ్ళు, అన్నీ కులాసా అని తలుస్తాను. వరస తప్పకుండా అడిగాను. మీ పెంపకంలో పెరిగిన దాన్ని, మర్యాద మరిచిపోతానా?

కుట్లు మానాయి. అద్దంలో నా భుజాలు రెండూ ఒకే ఎత్తున ఉన్నాయి. వంగడం మాత్రం లేదు. చెప్పు జారితే మోకాళ్ళ మీద కూర్చుని తీసుకుంటున్నాను.

ఆపరేషన్‌కి ముందు డాక్టరు ఎక్స్‌రే చూపించి చెప్పిన మాట మీకు గుర్తుందా? వెన్నులో రాడ్లు పై వంపు దాకా వేసి ఆపితే నడుము వంగుతుంది, కానీ కింది వంపు ఉండిపోతుంది, పెరిగినా పెరగొచ్చు అన్నాడు. కింది దాకా వేస్తే నిటారుగా ఉంటుంది, నడుము ఇక వంగదన్నాడు. మీరు క్షణం ఆలోచించలేదు. నడుం వంగని పిల్ల మా అన్లోగా ఊళ్ళో దేనికండీ, పై వంపు వరకే వేసెయ్యండి, వంకరుంటే ఉల్లిపాయలకేమన్నా కళ్ళున్నాయా అని నవ్వారు. ఇంటిపెద్ద మాట చెప్పాక ఇంకెవర్నీ అడగరని మీ ధీమా.

అమ్మ పోయిన ఏడు, పదకొండేళ్ళ దాన్ని, ఆ మళ్ళలోకి దింపారు. నా వెన్ను వంకర పోతుంటే అత్తయ్య, ఇది ఎలాగూ వంగే ఉంది కదా, పని తేలికలే అనేది. పదేళ్ళు ఆ మాట విన్నాను.

లోపల చూశాక కింది దాకా వెయ్యక తప్పలేదన్నారని మీకు నేనే చెప్పాను. మీరు డాక్టర్ని నానా మాటలూ అని వెళ్ళిపోయారు.

నిన్న చెల్లి సెఫాకోర్ ఫోన్ చేసింది. బడి మాన్పించి మళ్ళలో పెట్టారట. అక్క నడుం పోయిందిగా, నీ నడుం ఉందిగా అన్నారట. దానికీ ఇప్పుడు పదకొండేళ్ళే. ఏడవలేదు, చేతులు ఎంత కడిగినా ఉల్లివాసన పోవట్లేదక్కా అంది.

దాన్ని నా దగ్గరికి పంపండి. ఇక్కడ కుట్టుపని నేర్చుకుంటున్నాను, దాన్ని బడికి పంపుతాను.

మీ మేనకోడలు,
యెసుటర్.

తా.క.: డాక్టరు లోపల చూసి మార్చిందేమీ లేదు మావయ్యా. మీరు టీకి వెళ్ళినప్పుడు నన్ను కూర్చోబెట్టి, రెండు పద్ధతులూ సబబే, ఒళ్ళు నీది, నువ్వే చెప్పు అన్నాడు. అగ్‌బద్జా నాట్యం నాకు ప్రాణమని మీకు తెలుసు. నడుము వంచకుండా అది ఆడలేరు. మన ఆచారం ప్రకారం అమ్మ కర్మలకి కూడా ఆడాను. అయినా కింది దాకా వెయ్యమని నేనే సంతకం పెట్టాను. జన్మలో మీ మళ్ళలో మళ్ళీ వంగకూడదని. మీరు చెల్లిని వంచుతారని అప్పుడు తట్టలేదు, అదే నా తప్పు.

మీరు పంపరని తెలుసు. శనివారం బస్సుకి నేనే వస్తున్నాను. ఈసారి మీకు వంగి దండం పెట్టలేను.