పసుపు మాత్ర

సెప్టెంబరు 14, 1944. కర్నూలు.

క్వినైన్ సీసా అడుగంటింది. సిస్టర్ తలకిందులు చేసి చూపించింది... చిటికెడు పొడి కూడా రాలలేదు. అది వచ్చే జావా దీవి జపాను వాళ్ళ చేతికి పోయినప్పటి నుంచి ఇదే గతి. దాని బదులు కొత్త మాత్ర, మెపాక్రిన్. చామంతి పువ్వంత పసుపు. తడి వేలితో తాకితే రంగు అంటుకుంటుంది. బట్టలకద్దే రంగుల కుటుంబంలో పుట్టిన మందేనట. వారం మింగితే ఒళ్ళంతా పసుపెక్కుతుంది. హాని లేదు. ఆపేస్తే కొన్ని వారాల్లో దిగిపోతుంది.

డాక్టరు మా నర్సు విద్యార్థినుల పాఠం ముగిస్తూ — "రోగులకు ఈ సంగతి చెప్పకండి. చెబితే మింగరు."

అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను.

సెప్టెంబరు 15.

కడప నుంచి నాన్న ఉత్తరం లేదు.

సెప్టెంబరు 17.

పరీక్షకు చదువు. డిజిటాలిస్ — గుండెను నెమ్మదిగా, గట్టిగా కొట్టుకునేలా చేస్తుంది. ఇచ్చే ముందు నిమిషం నిండా నాడి చూడాలి. అరవైకి తగ్గితే ఇవ్వకూడదు, పోయి సిస్టర్‌కు చెప్పాలి. మార్ఫియా — నొప్పి పోతుంది, ఊపిరీ మందగిస్తుంది. కనుపాప సూదిమొనంత అయితే మళ్ళీ ఇవ్వొద్దు. సల్ఫా — చెంబుల కొద్దీ నీళ్ళు తాగించాలి, లేకపోతే మూత్రంలో పలుకులు కడతాయి. క్వినైన్ — చెవుల్లో హోరు. లేని మందుకు ఎందుకో ఈ చదువు.

ప్రతి మందు కిందా రెండు భాగాలు. ఏం చేస్తుంది. ఇంకా ఏం చేస్తుంది. నా కళ్ళు ఎప్పుడూ రెండో దాని మీదే.

నా గదిలో ఉండే గ్రేసమ్మ — "మద్రాసులో ఇంటర్ చదివినామెకు ఇదొక లెక్కా?" అంటూ దీపం తన వైపు తిప్పుకుంది. నవ్వుతూనే. భోజనాల దగ్గర నా పక్క చోటు ఖాళీ. నేను వాళ్ళతో కలిసి తిననేమోనని వాళ్ళు పిలవరు. పిలవలేదని నేను పోను.

సెప్టెంబరు 19.

కోడుమూరు నుంచి బొగ్గు బస్సులో, పెట్రోలు కరువై బొగ్గుతో నడిచేదాంట్లో, ఒకామె వచ్చింది. నారాయణమ్మ. నేతపనివాళ్ళు. నా ఈడే. ఎన్ని దుప్పట్లు కప్పినా మంచం కాళ్ళు టకటకమంటూనే ఉన్నాయి. ఎడమ పక్కటెముకల కింద నొక్కితే రాయిలా తగిలింది. జ్వరాలతో ప్లీహం ఉబ్బిపోయింది. వెంట వచ్చిన అత్త ఈరమ్మ — "కడుపులో బల్ల కట్టినాదమ్మా. దినం మార్చి దినం చలి. మనిషి తీగైపాయె."

కింది కనురెప్ప లాగి చూశాను. సున్నం గోడంత తెలుపు.

డాక్టరు అన్నాడు — "ఒంట్లో రక్తం లేదు. ఈ జ్వరం తిరగబెడితే మనిషి దక్కదు. మాత్రలు ఇంటికి పోయినా మింగాల్సిందే."

సెప్టెంబరు 23.

చలి రాలేదు. లేచి కూర్చుంది. గంజి అడిగింది. వెంటనే ప్రశ్నలు.

"నీకు పెండ్లి కాలేదా అక్కా?"

"లేదు."

"మీ నాయన యాడుండాడు?"

"కడపలో."

"మరి నువ్వు ఈడేం జేస్తాండావు?"

ఇదే ప్రశ్న నాన్న ఇంకో గొంతుతో అడిగాడు. "మాత్రలు ఇస్తాండా" అన్నాను, ఆమె యాసలోనే. పకపకా నవ్వింది. ఈ ఊళ్ళో నేనన్న మాటకు ఒకరు నవ్వడం ఇదే మొదలు.

ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టేది తనేనట. కంట్రోలులో దొరికే నూలు పిడికెడు. అది చుట్టే చెయ్యి ఇక్కడ పడుండటంతో మొగుడి మగ్గం ఆగింది.

సెప్టెంబరు 25.

పని అయిపోయినా వార్డులోనే ఉన్నాను. నారాయణమ్మ నా జడ విప్పి మళ్ళీ వేసింది. "శానా వదులుగా ఏసుకుంటావు, యెవురూ చెప్పరా?"

సెప్టెంబరు 29. శుక్రవారం.

ఈరమ్మ కోడలికి పసుపు పూద్దామని నూరి తెచ్చింది. చెయ్యి పట్టుకుని ఆగిపోయింది.

"నేనింకా పూయనే లేదే..."

అరచేతులు, గోళ్ళ మొదళ్ళు, మెడ. అంతా ఎక్కింది.

"కామెర్లు! జరానికని తెస్తే కామెర్లు అంటించినారు గదమ్మా!"

వార్డు మొత్తం లేచి కూర్చుంది. వాళ్ళ ఊళ్ళో మణికట్టు మీద వాత పెట్టేవాడున్నాడట. "ఆయప్ప చెయ్యి పడితే దిగాల్సిందే." సిస్టర్ వచ్చి — "ఏం లేదు, పోతుంది" — వెళ్ళిపోయింది. నేను పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. చెప్పాల్సింది నాలుక చివరే ఉంది. చెప్పలేదు.

సెప్టెంబరు 30.

నారాయణమ్మ కొంగు చివర పసుపు మరక. ముడి విప్పాను. సగం కరిగిన మాత్రలు, ఎంగిలితో తడిసినవి. నాలుక కింద దాచి, నేను తిరిగాక తీసి కట్టుకుంటోంది.

తల వంచుకుంది. "అత్త వద్దన్నాది అక్కా."

అక్టోబరు 1.

సిస్టర్‌ను అడిగాను, చెప్పనివ్వమని. "ఇవ్వడం నీ పని. చెప్పడం కాదు." ఇచ్చింది కొంగులోకి పోతోందని అనలేకపోయాను. అంటే తిట్లు నారాయణమ్మకే.

సాయంత్రం గ్రేసమ్మ అద్దం తీసుకుపోయి నారాయణమ్మకు చెప్పేశాను. ఇది మాత్రలోని రంగు. కామెర్లయితే కళ్ళు పచ్చబడతాయి. చూసుకో, తెల్లగా ఉన్నాయి.

అద్దంలో చూసుకుంది. "రంగా? ఉతికితే పోతాదా?"

"పోదు. మింగడం ఆపినాక మెల్లగా దిగుతుంది."

"గట్టి రంగే. మా ఊరికి తెస్తే చీరలకేసుకుందుము."

ఈరమ్మ నవ్వలేదు. "అంత మంచిదైతే నువ్వు మింగు తల్లీ."

మింగాను. అప్పటికప్పుడు, వాళ్ళెదురుగా. కాకర పసరు కన్నా చేదు.

అక్టోబరు 2.

తెల్లవారకముందే వాంతి. అంతకు ముందంతా కలలు, ఒకదాని మీద ఒకటి. పుస్తకంలో రాసినట్టే.

అక్టోబరు 4.

ఈరమ్మ నా రెండు చేతులూ కిటికీ దగ్గరికి లాగి, తిప్పి తిప్పి చూసింది.

"నీకేం కాలా. మా పిల్లకే యాల అయినాది?"

"ఒక్కటి చాలదు. వారం మింగాలి."

"ఆ... ఇప్పుడు వారమంటాండావు."

ఏం రుజువు చేద్దామని మింగానో దానికి ఎదురు రుజువైంది. కాలేజీలో లాజిక్‌లో నాకు మంచి మార్కులు.

అక్టోబరు 5.

వెళ్ళిపోయారు. కాగితం మీద వేలిముద్ర వేసి, తమ ఇష్టంతోనే పోతున్నట్టు. మిగిలిన మాత్రలు చేతిలో పెట్టాను. "రోజూ పొద్దున కళ్ళు చూసుకో. తెల్లగా ఉంటే మింగు." తల ఊపింది. ఈరమ్మ మూట ఎత్తుకుంటూ — "పా మ్మే, బస్సు పోతాది."

అక్టోబరు 6.

ఆ మంచం మీద ఇంకొకరు. ఆమెకు నోట్లో పళ్ళు లేవు, ప్రశ్నలూ లేవు.

అక్టోబరు 19.

నాకు చలి. పళ్ళు కొట్టుకుంటుంటే పేరు కూడా చెప్పలేకపోయాను. గ్రేసమ్మ చెంచాతో గంజి పోసింది. ఎవరు ఎవరితో తినాలన్న మాట ఇద్దరికీ గుర్తు రాలేదు.

అక్టోబరు 21.

నాకూ మెపాక్రిన్ మొదలు.

అక్టోబరు 30.

ఎక్కింది. ఎండలో చేతులు చాపి చూసుకున్నాను. గోళ్ళ దగ్గర ముదురు, అరచేతిలో లేత. మెట్ల మీద కొత్త పిల్లలు దూరంగా జరిగి నడుస్తున్నారు. నాకేమో లోపల సంతోషం, ఈరమ్మ అడిగిన రుజువు ఇదే. ఎవరికి చెప్పుకోను?

నవంబరు 8.

సెలవు అడిగాను. సిస్టర్ — "ఈ రంగుతో ఊరేగుతావా?" తర్వాత — "ఆదివారం. పొద్దు గుంకేలోగా గేట్లో ఉండాలి."

నవంబరు 12. ఆదివారం.

కోడుమూరు. బస్సు దారిలో రెండు చోట్ల ఆగింది. డ్రైవరు దిగి బొగ్గు కుంపటి ఎగదోసే దాకా అందరం ముళ్ళచెట్ల నీడన నిలబడ్డాం. నా పక్కన ఎవరూ నిలబడలేదు.

నేతవీధిలో అడిగితే ఇల్లు చూపించారు. మగ్గం ఆడటం లేదు. మొగుడు నూలు కోసం పోయాడట. ఈరమ్మ రాట్నం ముందు కూర్చుని కండె చుట్టలేక దారంతో పోట్లాడుతోంది. నన్ను చూసి లేచింది. చేతులు పట్టుకుంది.

"అయ్యో తల్లీ, నీకూ ఎక్కినాదే! ఉండు, ఆయప్పను పిలిపిస్తా. దుడ్లు కూడా అడగడు, నేను చెప్తే."

నిజంగానే కంగారుపడింది. ఆమె చెయ్యి తీసి నా నుదుటి మీద పెట్టుకున్నాను. జ్వరం లేదు చూడు. కళ్ళు చూడు. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది. నేనూ తియ్యలేదు.

నారాయణమ్మ మగ్గం గుంట పక్కన, గోనె మీద. మణికట్టు మీద పొక్కు ఎండి నల్లగా ఉంది. ఒంటి మీద పసుపు లేదు. ఏ రంగూ లేదు.

ఈరమ్మ — "సూడు. వాత పెట్టించినాక దిగలా?"

దిగింది. మాత్ర మానితే దిగుతుంది. అదే వారంలో వాత పెట్టారు. ఆమె చూసింది అబద్ధం కాదు. ఏ పుస్తకం తీసి చూపించను?

"రంగు దిగింది పెద్దమ్మా. చలి దిగిందా?"

నారాయణమ్మే అంది, కళ్ళు మూసుకుని — "నిన్న వచ్చినాది. రేపు మళ్ళా వస్తాదేమో."

ఈరమ్మ గోడ గూటిలో చెయ్యి పెట్టి కాగితం పొట్లం తీసింది. పారేయలేదు. ఒక్క మాత్ర కోడలి అరచేతిలో పెట్టి నా వైపు చూసింది. కోపమో, అడగడమో తెలియలేదు.

"ఇప్పుడే మింగల్నా?"

నారాయణమ్మ అడిగింది, పెదవులు ఎండి ఉన్నాయి. పొద్దుటి నుంచి ఏమీ తినలేదట. ఖాళీ కడుపున మింగితే కక్కేస్తుంది, కక్కితే ఇక ఎప్పటికీ ముట్టదు. "అన్నం తిన్నాక" అన్నాను.

ఈరమ్మ పొయ్యి ముందు కూర్చుంది. పత్తికట్టె పచ్చిది, పొగే గానీ మంట రాదు. నేనూ ఊదాను. కొర్రబియ్యం కడిగి పక్కన పెట్టింది. ఎసరు సన్నగా కాగుతోంది... వీధి చివర బస్సు హారను. అదే ఆఖరు బస్సు.

"పో అక్కా, నీకు పొద్దుపోతాది. మింగుతా లే."

"నిజంగా?"

"నువ్వు పో."

ఈరమ్మ గుమ్మం దాకా వచ్చింది. వాత పెట్టే మనిషి మాట మళ్ళీ ఎత్తలేదు. మాత్ర మాటా ఎత్తలేదు. "మళ్ళా వస్తావా?" అంది. నేను జవాబు చెప్పేలోగా మళ్ళీ హారను.

గేటు దగ్గరికి వచ్చేసరికి ఇంకా వెలుగుంది. గదిలో గ్రేసమ్మ లేదు.

కోడుమూరులో అన్నం ఈపాటికి ఉడికి ఉంటుంది.