ఉపవాసం నాడు మింగని మాత్ర

కార్తీక సోమవారం, రాత్రి.

నా డైరీలో రాయవే అమ్మాయ్, ఒక్క ముక్క మార్చకుండా రాయి. ఇవాళ నీ మొగుడు, రాత్రి ఫలహారంలోకి నూరుకున్న నా కొబ్బరి పచ్చడి గిన్నె పెరట్లోకి విసిరికొట్టేడు. నా కొలెస్ట్రాల్ తగ్గలేదని అమలాపురం డాక్టరుగారు చెప్పేరట. తిండి తగ్గించినా మాత్ర రోజూ పడాల్సిందేనట, లేకపోతే గుండెకి ముప్పట. నేను వేసుకోవట్లేదా? సోమవారాలు, శనివారాలు, ఏకాదశులు తప్ప రోజూ మింగుతున్నాను. ఉపవాసం నాడు నెయ్యీ నూనే ముట్టనప్పుడు మందెందుకు?

"ఇన్ని రోజులు ఎగ్గొడితే ఇంకేం పనిచేస్తుందమ్మా! చచ్చిపోతావు!" అని మీదమీదకొచ్చేడు.

కత్తిపీట ఎత్తేను. "ఇంకో మాటన్నావంటే నరికి పోగులు పెడతాను!"

వెధవ కదల్లేదు. "నరుకు. నాన్నగారూ ఇంతే, పొద్దున్నే నడుస్తున్నాను, మందక్కర్లేదన్నారు. తోటలో పడిపోతే భుజాన వేసుకొచ్చింది నేనే."

కత్తిపీట కింద పెట్టేసేను. అది రాయకు. సరే, రాయి.

ఇంకోసారి నా గిన్నె ముట్టుకుంటే వాడి చెయ్యి విరగ్గొడతాను, అదీ రాయి. కొబ్బరి మానను, తగ్గిస్తాను. ఆ మాత్ర ఇలా తే. సోమవారమైతే ఏం, శివుడు నన్ను తిడితే నేనూ తిడతాను.

మింగేను. వాడికి చెప్పకు. టార్చి వేసుకుని పెరట్లో గిన్నె వెతుకుతున్నాడు. వెతకనీ.