హనోయా, బ్యాంకాకా?

అమీర్‌పేట, మంగళవారం

యశస్విని మేడం,

క్లాసుల తెలుగు మాట్లాడొద్దంటరు. కానీ ఇంత కోపం నాకింకా ఇంగ్లీషుల రాదు.

“ఇంగ్లీష్ చెప్పే ఒకామె హనోయ్‌ల ఉండాల్నా, బ్యాంకాక్‌ల ఉండాల్నా? వ్యాసం రాయండి” అన్నరు. ఉత్త ప్రాక్టీసనుకున్న. నాలుగు రోజులు బోరబండ బస్సుల నిలబడి చదివి, నేర్చుకున్న కొత్త మాటలన్నీ పెట్టి హనోయ్‌ని గెలిపించిన. పదికి తొమ్మిదిచ్చిండ్రు.

నిన్న రిషి అందరి ముందట అన్నడు: “శభాష్! నీ వ్యాసం చదివే మేడం హనోయ్ ఉద్యోగానికి ఒప్పుకున్నరట. మన బ్యాచ్‌ని సగంల ముంచినవ్ పో!”

ఆ ఒకామె మీరేనని ముందే చెప్తే నేనట్ల రాస్తుంటినా? అంత కష్టపడి మిమ్మల్ని నేనే పంపిస్తుంటినా?

ఒక్కటి చెప్పండి మేడం. ఆ ప్రశ్నల హైదరాబాద్ ఎందుకు పెట్టలేదు?

సాయంత్రం బ్యాచ్, మూడో బెంచి నుంచి
మీ విద్యార్థిని