నీళ్లలో నానిన గడ్డి

నాయనా,

నువ్వు పోయి ఈ శుక్రవారానికి ఏడాది. హిందూపురంలో పెండ్లి ఊరేగింపులకు నువ్వు తిప్పిన గుర్రం చాందినీని ఇప్పుడు నేనే చూసుకుంటాండా. ఎండాకాలమంతా అది మేత తిన్నప్పుడల్లా దగ్గి, ఊపిరాడక ముక్కుపుటాలు ఎగరేసేది. అమ్మేయమన్నారు అందరూ. మనసొప్పక పెనుకొండ నుంచి పశువుల డాక్టరమ్మను పిలిపించినా.

ఆయమ్మ మందు సంగతి ఎత్తకుండానే, "గడ్డి యాడ దులుపుతావు?" అని అడిగింది.

"ఈడే, కొట్టంలోనే. దుమ్ము పోయినాకే వేయాలని మా నాయన నేర్పించినాడు."

"ఒకసారి దులుపు, చూద్దాం."

దులిపినా. తలుపులోంచి పడే ఎండలో దుమ్ము పొగలాగ లేచి, నేరుగా చాందినీ మొగం మీదికి పోయింది. ఇన్నేండ్లూ అది నా కంట పడలేదు చూడు!

గడ్డి నానబెట్టి వేయమనింది. ఆ పొద్దు నుంచి తొట్టి నీళ్లలో ముంచి, నీళ్లు కారిపోయినాక తడిగానే వేస్తాండా. చాందినీని బయట కట్టేసినాకే కొట్టం ఊడుస్తాండా. తొట్టి అడుగున ఎంత మట్టి దిగిందో అని రోజూ చెయ్యి పెట్టి చూస్తా. ఒక దినం పిడికెడు, ఒక దినం రెండు. నెల తిరిగేసరికి దగ్గు తగ్గింది. మొన్న ధర్మవరం ఊరేగింపులో ఒక్కసారి కూడా దగ్గలేదు.

నిన్న డాక్టరమ్మ మళ్లా వస్తే, "ఈ దుమ్ము మనుషులకూ దగ్గు తెప్పిస్తాదా?" అని అడిగినా.

"ఎందుకు తెప్పించదు?" అనింది.

బీడీ మానేసినానని నువ్వు అల్లా మీద ఒట్టేసి చెప్పినా, నీ దగ్గు విని మేం నమ్మలేదు నాయనా.

నీ ముబీనా